పైరవీ నుంచి రిజిస్టరు దాకా: అమెరికా రాష్ట్రాల్లో లాబీయిస్టు వృత్తి నేపథ్యం

అమెరికాలో ఏదైనా రాష్ట్ర చట్టసభ వద్ద లాబీయిస్టుగా, అంటే ఇతరుల తరఫున సభ్యులకు నచ్చజెప్పే వ్యక్తిగా, పని ప్రారంభించదలచినవారు ముందుగా తమ పేరును ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించుకోవాలి. ఎవరి తరఫున మాట్లాడుతున్నారో, ఆ పని మీద ఎంత ఖర్చు చేశారో గడువు ప్రకారం ప్రకటించాలి. వివరాలు రాష్ట్రానికో తీరుగా ఉన్నా, నమోదు నిబంధన నేడు 50 రాష్ట్రాల్లోనూ ఉంది. కొత్తవారికి ఇది కాగితాల పనిగా తోచవచ్చు గాని, ఆ దరఖాస్తులో అడిగే చాలా ప్రశ్నల వెనుక ఏదో ఒక కుంభకోణమో, కోర్టు తీర్పో ఉంది. అది తెలియకుండా ఈ వృత్తిలో అడుగుపెట్టడం మంచిది కాదు.

లాబీయింగ్ అనగానే తెలుగువారికి 'పైరవీ' అనే మాట స్ఫురిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్లకూ ఆ పదం దాదాపు అదే అర్థంలో వినిపించేది. న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో సభామందిరం వెలుపల సభ్యుల కోసం కాచుకుని ఉండేవారిని 'లాబీ ఏజెంట్లు' అనడం ఆ శతాబ్దపు తొలి దశకాల్లోనే ఉంది. 1870ల ప్రాంతంలో అధ్యక్షుడు గ్రాంట్ వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో ఈ పదాన్ని పుట్టించాడన్న ప్రచారం అందుకే నిలవదు.

ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కును రాజ్యాంగపు మొదటి సవరణ 1791లోనే కాపాడింది. అయినా జార్జియా రాష్ట్రం 1877 నాటి తన రాజ్యాంగంలో లాబీయింగ్ నేరమని రాసుకుంది. విన్నపం హక్కు, దాన్ని అమ్ముకోవడం నేరం అన్న ఈ సందిగ్ధం ఆనాటి కోర్టులనూ వేధించింది. మెక్సికోతో 1848 సంధిని కుదిర్చిన ట్రిస్ట్ అనే దౌత్యవేత్త, తనకు రావలసిన సొమ్మును జాతీయ చట్టసభ అయిన కాంగ్రెసు నుంచి రాబట్టేందుకు ఒకరిని నియమించుకుని, వచ్చినదానిలో నాలుగో వంతు ఇస్తానన్నాడు. సొమ్ము వచ్చాక ఫీజు దగ్గర తగవు తలెత్తింది. ఇలాంటి ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధమంటూ సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయడానికి నిరాకరించింది. బిల్లు నెగ్గితేనే ఫీజు అనే పద్ధతిని నేడు అత్యధిక రాష్ట్రాలు నిషేధించాయి. గెలుపు మీదే కూలి ఆధారపడితే మాట నిజాయితీ తప్పుతుందన్న భయం అప్పటిది, ఇప్పటికీ సహేతుకమైనది.

నిషేధం కన్నా వెలుగు మేలన్న ఆలోచన 1890లో మసాచుసెట్స్‌తో మొదలైంది. లాబీయిస్టులు పేరు నమోదు చేసుకోవాలని తొలిసారి చట్టం చేసింది ఆ రాష్ట్రమే. 1905లో న్యూయార్క్ చట్టసభ నియమించిన ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీ జీవిత బీమా కంపెనీల లెక్కలు తిరగేసింది. పాలసీదారుల సొమ్ము లాబీయింగ్‌కు ఎలా మళ్లిందో, చట్టసభలపై నిఘా కోసం పెద్ద కంపెనీలు దేశాన్ని తమలో తాము ఎలా పంచుకున్నాయో న్యాయవాది చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ బహిరంగ విచారణలో బయటపెట్టాడు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో నమోదు చట్టం వచ్చింది, హ్యూస్ గవర్నరుగా ఎన్నికయ్యాడు.

చట్టాలు పెరిగినా అలవాట్లు అంత త్వరగా మారలేదు. కాలిఫోర్నియాలో బీరు తయారీదారుల తరఫున పనిచేసిన ఆర్టీ సామిష్ 1949లో ఒక పత్రికకు ఇచ్చిన ఫొటోలో ఒడిలో బొమ్మను కూర్చోబెట్టుకుని, దాన్ని చట్టసభగా పరిచయం చేశాడు. సభ అతన్ని లాబీయింగ్ నుంచి వెలివేసింది. 1953లో పన్ను ఎగవేత కేసులో అతనికి శిక్ష పడింది. అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం కాలంలో, 1974లో, ఆ రాష్ట్ర ఓటర్లు రాజకీయ సంస్కరణల చట్టాన్ని నేరుగా ఆమోదించి, లాబీయిస్టు ఒక అధికారికి నెలకు 10 డాలర్లకు మించి కానుక ఇవ్వరాదని కట్టడి చేశారు. విస్కాన్సిన్‌లోనైతే కప్పు కాఫీ ఇప్పించడం కూడా తప్పే. 1990ల తొలి నాళ్లలో దక్షిణ కరోలినా, అరిజోనా, కెంటకీల్లో లంచాల కేసుల్లో సభ్యులు పట్టుబడ్డాక నైతిక నియమావళి మరింత బిగిసింది.

ఈ కట్టుబాట్లన్నిటి మధ్యా వృత్తి నిలిచి, పెరగడానికి కారణం సమాచారం. న్యూ హాంప్‌షైర్ ప్రతినిధుల సభలో 400 మంది సభ్యులు ఏడాదికి 100 డాలర్ల జీతంతో పనిచేస్తారు. టెక్సాస్ సభ రెండేళ్లకోసారి, 140 రోజులు మాత్రమే సమావేశమవుతుంది. సొంత సిబ్బంది అంతగా లేని సభ్యుడికి వందల బిల్లుల లోతుపాతులు ఎవరో ఒకరు చెప్పాలి. దానికి తోడు 1990లో కాలిఫోర్నియా, కొలరాడో, ఓక్లహోమా ఓటర్లు చట్టసభ్యుల పదవీకాలానికి పరిమితి విధించడం, మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టడంతో, అనుభవజ్ఞులైన సభ్యులు వెళ్లిపోయి పాత బిల్లుల చరిత్ర గుర్తున్నవారిగా లాబీయిస్టులు మిగిలారు. సభ్యుడి కార్యాలయంలోనో, కమిటీ సిబ్బందిలోనో కొన్నేళ్లు గడిపి, బిల్లు ఏ దశలో ఎక్కడ ఆగుతుందో చూసినవారికి ఈ రంగంలో విలువ ఎక్కువ ఉండడం అందుకే. వృత్తి సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఒకే విషయాన్ని లోతుగా పట్టుకుని ఎదిగినవారూ ఉన్నారు. పదవి వీడిన వెంటనే లాబీయింగ్‌లోకి వచ్చే మాజీ సభ్యుల విషయంలో మాత్రం చాలా రాష్ట్రాలు కొంతకాలం ఆగాలన్న విరామకాలం పెట్టాయి. ఫ్లోరిడా ఓటర్లు 2018లో దాన్ని ఆరేళ్లు చేశారు.

నమోదుకు అందనిదీ ఉంది. ఒహాయోలో 2019లో అణువిద్యుత్ కేంద్రాలకు అండగా వచ్చిన చట్టం వెనుక సుమారు 6 కోట్ల డాలర్ల లంచాల వ్యవహారం బయటపడి, మాజీ స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆయనతో పాటు ఒక లాబీయిస్టు కూడా దోషిగా తేలాడు. ఆ సొమ్ము దాతల పేర్లు వెల్లడించనక్కరలేని లాభాపేక్ష రహిత సంస్థ గుండా ప్రవహించింది. 1890 నుంచి రాష్ట్రాలు కట్టుకుంటూ వచ్చిన రిజిస్టర్లు అలాంటి సొమ్మును చూడడానికి ఏర్పడినవి కావు.