ఇంట్లో చిన్న వస్తువుల ఫొటోలు, వంద రూపాయల లైటు: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఇప్పుడు ఇంటి నుంచే అమ్మేవాళ్లు వీధికొకరు ఉన్నారు. ఒకరిది కారం, ఒకరిది ఆవకాయ, ఇంకొకరివి చిలకలపూడి నుంచి తెప్పించిన రోల్డ్‌గోల్డ్ జుంకీలు. ఇలాంటి వాటికి ఫొటోలు తీయడం నా పని. తీయించుకునేవాళ్లకంటే "తమ్ముడూ, మేమే తీసుకుంటాం గానీ ఏ లైటు కొనాలో చెప్పు" అనేవాళ్లే ఎక్కువ. బేరం పోతుందని తెలిసినా చెబుతూనే ఉంటాను. చెప్పినవన్నీ ఒకచోట పెడితే ఇదిగో, ఇలా తేలాయి.

అపోహ: ఖరీదైన లైటుంటేనే ఫొటోకి అందం.

నీడ మెత్తగా పడాలా, కత్తిరించినట్టు పడాలా అన్నది లైటు ధర తేల్చదు. వస్తువు దగ్గర్నుంచి చూస్తే ఆ లైటు ఎంత పెద్దగా కనిపిస్తోందన్నదే తేలుస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే పెడితే అది చిన్న చుక్క, నీడ గట్టిగా పడుతుంది. అట్టపెట్టెని ఫ్రేములా కోసి, దానికి ట్రేసింగ్ పేపర్ అంటించి, బల్బుకీ వస్తువుకీ మధ్య నిలబెట్టండి. ఇప్పుడు లైటు బల్బు కాదు, ఆ కాగితం మొత్తం. చాలామంది కాగితాన్ని బల్బుకే చుట్టేస్తారు. దానివల్ల వెలుగు తగ్గుతుందే గానీ నీడ మెత్తబడదు, ఎందుకంటే లైటు సైజు పెద్దగా పెరగలేదు. బల్బుకీ కాగితానికీ మధ్య జానెడైనా ఖాళీ వదలాలి, వెలుగు కాగితమంతా పరుచుకోవాలి.

ఆ ఫ్రేముని వస్తువుకి అడుగు దూరంలో పెట్టండి. లైటునీ ఫ్రేమునీ కలిపి నాలుగైదు అడుగులు వెనక్కి జరిపితే మళ్లీ చిన్నదైపోయి నీడ గట్టిపడుతుంది. వెలుగూ పడిపోతుంది: చిన్న బల్బుకైతే దూరం రెట్టింపైనప్పుడు వెలుగు సుమారు నాలుగో వంతు. రెండో పక్క థర్మాకోల్ ముక్క నిలబెడితే నీడ వైపు కాస్త తేలికపడుతుంది. నీడ తగ్గించడానికి రెండో లైటు కొనే పనే లేదు.

ఒక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతాను: పాత హాలోజెన్ ఫోకస్ లైట్లు అటక మీద నుంచి దించి కాగితం, థర్మాకోల్ దగ్గర పెట్టకండి. అంటుకుంటాయి.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

కారం డబ్బా ఎక్కడికీ పారిపోదు. ఫోన్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100 దగ్గర ఉంచి షట్టర్ నెమ్మదిగా పడనివ్వండి. తక్కువ వెలుగే చాలు. ఫ్యాన్ మాత్రం ఆపాలి. మే నెల గుంటూరులో ఇది శిక్షే. కానీ వేలాడే జుంకీ ఫ్యాను గాలికి కదిలి ఫొటో చెదురుతుంది.

అపోహ: తెల్ల బల్బు ఏదైనా ఒకటే.

గుంటూరు వాళ్లకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఎదురుగా నిగనిగలాడే కారం ఫొటోలో ఇటుకపొడిలా వస్తుంది. ఫోను మంచిది కాదనుకుంటారు. తప్పు చాలాసార్లు బల్బుది.

బల్బు పెట్టె మీద ఉండే 6500 కెల్విన్, 3000 కెల్విన్ అనే అంకెలు వెలుగు నీలం వైపా, పసుపు వైపా అన్నదే చెబుతాయి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది సీఆర్‌ఐ అనే అంకె. మామూలు బల్బులకి అది 80 దగ్గర ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ అంకె ఎనిమిది లేత రంగుల నమూనాల సగటు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, దాన్ని ఆర్9 అంటారు, అది ఆ సగటులో కలవదు. కాబట్టి 80 ఉన్న బల్బు కూడా ఎరుపులో బాగా వెనకబడి ఉండొచ్చు. మిగతా రంగులు పర్వాలేదనిపించి కారం ఒక్కటే చచ్చిపోవడానికి కారణం ఇదే. వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెల్లగా చూపించే సెట్టింగు) ఎంత సరిచేసినా లైటులో లేని ఎరుపు తిరిగి రాదు. 90కి పైన సీఆర్‌ఐ ఉన్న బల్బు కొనండి, పెట్టె మీద ఆర్9 కూడా వేసి ఉంటే మరీ మంచిది. లేదంటే నేరుగా ఎండ పడని కిటికీ పక్కన పగటిపూట తీయండి, దానికి పైసా ఖర్చు లేదు.

కిటికీ వాడితే ట్యూబులైటు ఆపేయాలి. రెండు రకాల వెలుగు కలిస్తే డబ్బా ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు. గది గోడలకి పచ్చ రంగో, ఊదా రంగో ఉంటే అది కూడా వస్తువు మీదకి వాలుతుంది. తెల్ల దుప్పటి అడ్డం కట్టండి.

తర్వాత ఎడిటింగ్‌లో "ఇంకొంచెం ఎర్రగా" అని సాచురేషన్ (రంగుల గాఢత) పెంచేస్తారు. అప్పుడు గింజా, పొట్టూ, పొడీ అన్నీ కలిసి ఎర్ర ముద్దయిపోతాయి. ఫొటో తీసేటప్పుడే వెలుగు కాస్త తగ్గించి తీస్తే ఆ తేడాలు నిలుస్తాయి. కొనేవాళ్లకి తేజ మిర్చి ఎరుపు ఏదో, బ్యాడిగి ఎరుపు ఏదో బాగానే తెలుసు. ఫొటోలో ఒకటి చూపించి పార్సిల్‌లో ఇంకొకటి పంపితే ఫోన్లు మొదలవుతాయి.

అపోహ: లైట్‌బాక్స్ కొంటే అన్నీ బాగా వస్తాయి.

లైట్‌బాక్స్ అంటే లోపల తెల్ల గోడలూ లైట్లూ ఉండే పెట్టె. చెక్క బొమ్మకి, మట్టి గిన్నెకి, పచ్చడి ప్యాకెట్టుకి బాగానే వస్తాయి. నగ దగ్గరే తేడా. మెరుగు పెట్టిన లోహం అద్దం లాంటిది, చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. చుట్టూ తెల్ల గోడలే ఉంటే జుంకీ పాలిపోయి, గుండ్రం పోయి, అట్ట మీద అచ్చేసినట్టు కనిపిస్తుంది. నల్ల చార్టుని వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి జుంకీకి అటూ ఇటూ, ఫొటోలో పడకుండా నిలబెట్టండి. అంచుల్లో నల్ల గీత దిగి ఆకారం బయటపడుతుంది.

ఎక్కడ పెట్టాలో తెలియకపోతే కెమెరా ఉండే చోట మీ కన్ను పెట్టి, పట్టీని జరుపుతూ నగలోకి చూడండి. అక్కడ కనిపించిందే ఫొటోలోకి వస్తుంది. మీ ఎర్ర చొక్కా కూడా. రాళ్లున్న నగకి మెత్తని వెలుగు ఒక్కటే చాలదు. రాయి మిలమిలలాడాలంటే కాగితం లేని చిన్న బల్బు ఒకటి వెనక పక్క నుంచి పడాలి. మెరుపు తగ్గుతుందని పోలరైజర్ అనే లెన్సు ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. గాజు, ప్లాస్టిక్ మీద అది పనిచేస్తుంది. మామూలు లైటు కింద లోహం మెరుపుని అది ఒక్కటే తీసెయ్యలేదు.

ఆవకాయ సీసాకి ఇంకో పద్ధతి. వెనక ట్రేసింగ్ పేపర్, దాని వెనక బల్బు. నూనెలోంచి వెలుగు దిగి ఎర్రగా మెరుస్తుంది. లేబుల్ చీకటైతే ముందు నుంచి థర్మాకోల్‌తో వెలుగు తిప్పండి.

అపోహ: తెల్ల చార్టు వేస్తే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వచ్చేస్తుంది.

రాదు, బూడిద రంగు వస్తుంది. కెమెరా దేన్ని చూసినా సగటు బూడిదకి తేవాలని చూస్తుంది. ఎక్స్‌పోజర్‌ని (ఫొటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పే సెట్టింగుని) +1 నుంచి +1.7 దాకా పెంచండి, ఫోన్‌లోనైతే తెర మీద తాకి సూర్యుడి గుర్తుని పైకి లాగండి. వస్తువు కూడా వెలిసిపోతుంటే, కారానికి మరీనూ, దాన్ని చార్టుకి కాస్త ముందుకి జరిపి చార్టు మీద వేరే బల్బు వేయాలి. అమెజాన్ మొదటి ఫొటోకి అచ్చ తెలుపే అడుగుతుంది, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగుల అంకెలూ 255. వస్తువు ఫొటోలో 85 శాతం నిండాలి.

అపోహ: మాక్రో లెన్సు లేకుండా చిన్న వస్తువులు తీయలేం.

మాక్రో అంటే మరీ దగ్గర నుంచి తీసే లెన్సు. ఉంగరం మీద చెక్కుడు చూపించాలంటే కావాలి. మిగతావాటికి ఫోను చాలు, మీదకి మాత్రం వెళ్లకండి. మరీ దగ్గరికెళితే ముందు భాగం ఉబ్బినట్టు వస్తుంది, ఫోను నీడా పడుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి. పోర్ట్రెయిట్ మోడ్ (వెనక ఉన్నదాన్ని మసకబరిచేది) వద్దు, జుంకీ కొక్కేన్ని బ్యాక్‌గ్రౌండ్ అనుకుని చెరిపేస్తుంది. వీడియోలో చారలు పాకుతుంటే మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి, ఆ ఫోను పట్టుకున్న చేత్తోనే కదా కారం ప్యాక్ చేసింది.