ఏనుగును కట్టేసింది ఐకమత్యం కాదు, పురి

"గడ్డిపోచలన్నీ ఏకమైతే మదపుటేనుగునైనా కట్టేయవచ్చు." చిన్నప్పుడు మా బడి గోడ మీద ఇలా రాసి ఉండేది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ చిరాకే. గుప్పెడు పోచలు పక్కపక్కన పేర్చి రెండు వైపులా లాగి చూడండి. ఏనుగు సంగతి దేవుడెరుగు, మేకపిల్ల కూడా ఆగదు. అన్నీ ఏకమై ఉండి కూడా ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. అవే పోచలకు పురి పెట్టి పేనితే మాత్రం సంగతి వేరు. ఐకమత్యం పాఠం చెప్పే పంతుళ్లు ఆ పురి ఊసు ఎత్తరు.

ఇదంతా గుర్తొచ్చింది ఒక పదో తరగతి పిల్లవాడి వల్ల. "సార్, రాతియుగపోళ్లకు తాళ్లు ఉండెనా?" అని అడిగాడు. ఉండెనని చెప్పి ఊరుకోవచ్చు. కానీ నాకే పేనడం రాదు కదా! ములుగు దగ్గరి ఒక పల్లెలో పగ్గాలు పేనే తాత దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. పుంటికూర కట్టెల్ని నీళ్లలో నానబెట్టి తీసిన నార ముందు పడేశాడు. (ఆ నానబెట్టిన కంపు గురించి రాయను.) నేను గుప్పెడు నార తీసుకుని బలమంతా పెట్టి మెలితిప్పాను. వదలగానే గిరగిరా తిరిగి మళ్లీ ఉత్త నారే అయింది. "అట్ల గాదు బిడ్డా. రెండు పేటలకు ఒక్క దిక్కే పురి వెట్టు. ఎన్క రెంటినీ కలిపి ఎదురు దిక్కు తిప్పు," అన్నాడు తాత.

ఆ "ఎదురు దిక్కు"లోనే కిటుకంతా ఉంది. ఇంట్లో దుప్పటి ఉతికి పిండేటప్పుడు దీన్ని మీరే చూడొచ్చు. ఇద్దరు చెరో కొస పట్టుకుని బాగా మెలితిప్పి, అలాగే నడిమికి మడిచి ఒకరి దగ్గరికి ఒకరు రండి. ఎవరూ చెయ్యి పెట్టకుండానే ఆ రెండు సగాలూ ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. కుడికి తిప్పిన పేట ఎడమకు విడిపోవాలని చూస్తుంది. రెండు పేటలూ అలా ఎడమకు తిరుగుతూ జంటగా ఎడమకే పెనవేసుకుంటాయి. ఇప్పుడు ఆ జంట విడిపోవాలంటే కుడికి తిరగాలి. కుడికి తిరిగితే ఒక్కో పేటలో పురి ఇంకా బిగుస్తుంది, అందుకు పేట ఒప్పుకోదు. పేట విడిపోబోతే జంట బిగుస్తుంది, జంట విడిపోబోతే పేట బిగుస్తుంది. ఈ రెండు మెలికల బలాలూ సరిసమానమైన చోట తాడు కదలకుండా నిలుస్తుంది. మైనం లేదు, జిగురు లేదు, ముడి కూడా లేదు.

తాత ఇదంతా తొడ మీద చేస్తాడు. రెండు పేటల్ని విడివిడిగా ఉంచి అరచేతితో ముందుకు దొర్లిస్తే రెంటికీ పురి ఎక్కుతుంది. కలిపి వెనక్కి దొర్లిస్తే పెనవేసుకుంటాయి. చెయ్యి ఎలాగూ వెనక్కి రావాల్సిందే కాబట్టి ఆ రాక కూడా పనికొచ్చింది.

ఫ్రాన్స్‌లో అబ్రి దు మారాస్ అనే చోట ఒక రాతి పెచ్చుకు అంటుకుని ఉన్న తాడు తునక గురించి 2020లో పరిశోధకులు ప్రకటించారు. పొడవు 6 మిల్లీమీటర్లు, మందం అర మిల్లీమీటరు. మూడు పేటలు. ఒక్కో పేటకు ఒక దిక్కు పురి, మూడింటినీ కలిపి ఎదురు దిక్కు! చెట్టు లోపలి బెరడు నార అది. వయసు 41 వేల నుంచి 52 వేల ఏళ్లు. పేనింది మన జాతి కూడా కాదు, నియాండర్తాల్ మనిషి. ములుగు తాత నాకు చెప్పిన మాటే ఆ తునకలో ఉంది.

పేటల్లో పురి ఎందుకు నిలుస్తుందో తెలిసింది. మరి జానెడు నార ముక్కలతో వంద మూరల తాడు ఎలా వస్తుంది? బర్రెను గుంజకు కట్టేవాళ్లను అడగండి. బెదిరిన బర్రెను చేత్తో ఆపలేరు, కానీ పగ్గాన్ని గుంజకు రెండు మూడు చుట్లు చుడితే ఒక్క చేత్తో పట్టుకుంటారు. ఒరిపిడి గుణకం (రాపిడి ఎంతో చెప్పే అంకె) 0.3 అనుకుంటే, ఒక్క చుట్టుకు మీ పట్టు సుమారు 6.6 రెట్లవుతుంది. రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 286 రెట్లు. చుట్లు కూడుతుంటే పట్టు గుణించుకుంటూ పోతుంది. తాడులో ప్రతి నారా పక్క నారలకు ఇలాగే చుట్టుకుని ఉంటుంది. లాగినకొద్దీ లోపలివాటిని నొక్కుతుంది, నొక్కినకొద్దీ ఒరిపిడి పెరుగుతుంది. అందుకే పురి పెట్టిన తాడు లాగితే జారదు, బిగుస్తుంది. అలాగని పురి మరీ ఎక్కించినా నష్టమే. నార తాడు పొడవుకు ఎంత ఏటవాలుగా ఉంటే అంత బలం వృథా అవుతుంది. మిగిలేది ఉజ్జాయింపుగా ఆ కోణపు కొసైన్ వర్గమంత: 20 డిగ్రీల దగ్గర 88 శాతం, 45 డిగ్రీల దగ్గర సగమే. తాతకు కొసైన్ తెలియదు. వేళ్ల కింద తాడు గట్టిపడి ముడతలు రాబోతుంటే ఆపేస్తాడు.

జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో 2015లో దొరికిన మామత్ (అంతరించిపోయిన పెద్ద ఏనుగు) దంతపు పట్టీకి నాలుగు చిల్లులున్నాయి, చిల్లుల లోపల మరమేకుకున్నట్టు మెలికల గాడులు. ఒక్కో చిల్లులోంచి ఒక్కో పేట తీసి తాడు పేనే రాతియుగపు పనిముట్టు అది అని పరిశోధకుల మాట. దాని నకలుతో నలుగురైదుగురు కలిసి 10 నిమిషాల్లో 5 మీటర్ల తాడు పేనారు. వాడిన నారల్లో జమ్ము కూడా ఉంది, మన చెరువుల్లో పెరిగే జమ్ము లాంటిదే.

బుట్ట అల్లిక కూడా ఈ కుటుంబంలోదే. నిలువు పుల్లల మధ్య రెండు అడ్డపోగుల్ని తెచ్చి ఒక్కో పుల్ల దాటగానే ఒకదాన్నొకటి మెలితిప్పితే, అది పుల్లల్ని మింగిన తాడే. అమెరికాలోని ఫోర్ట్ రాక్ గుహలో 1938లో దొరికిన చెప్పులు ఈ అల్లికే, 9 వేల ఏళ్లు దాటినవి. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో నవీన శిలాయుగపు బుట్టలకు తారులాంటి బిటుమెన్ పూశారు. మనవాళ్లు గంపకు పేడ, చాటకు మెంతిపిండి పూసినట్టే. బతుకమ్మ పేర్చే సిబ్బి చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

తాడ్వాయి దగ్గర దామెరవాయిలో రాతి సమాధులున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. అంతంత బండల్ని మనుషులు ఎత్తలేరు, రాక్షసులే కట్టారని నమ్మకం. రాక్షసులకంటే తాడు, మొద్దులు, పదిమంది మనుషులు అనుకోవడమే నాకు తేలిక. కానీ బండ మిగిలింది, తాడు చెదలపాలైంది. కళ్లముందున్న రాయికి రాక్షసుడు దొరికాడు, కనబడని తాడుకు ఎవరూ దొరకలేదు.

నేను పేనిన రెండు మూరల తాడు ఇప్పుడు మా పెరట్లో సొరపాదును పట్టుకుని ఉంది. నార అయిపోబోయేటప్పుడు ఒక పేటకు కొత్త నార కలిపి, జానెడు దూరం పోయాక రెండో పేటకు కలపాలి. నేను తొందరపడి రెంటికీ ఒకేచోట కలిపాను. అక్కడ చిన్న ఉబ్బు ఉంది. తాత దాన్ని వేలితో తడిమి, "తెగితే ఈడనే తెగుతది" అన్నాడు.