రామ్సెస్ కట్లు విప్పిన పావుగంట: మమ్మీల ప్రదర్శనపై గొడవ వెనక కథ

ఈజిప్టు మమ్మీలను జనానికి చూపించొచ్చా, కూడదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఆఫ్రికాకు నష్టపరిహారం అంశంపై పనిచేసే బ్రిటన్ ఎంపీల బృందం ఒకటి 2025 మార్చిలో నివేదిక ఇచ్చింది. మనుషుల అవశేషాల అమ్మకాన్ని నిషేధించాలని, సమ్మతి లేకుండా ప్రదర్శనకు పెట్టడాన్ని నేరంగా చూడాలని కోరింది. అక్కడ 2004లో వచ్చిన చట్టం వందేళ్లకు పైబడిన అవశేషాల జోలికి పోదు. అంటే మూడు వేల ఏళ్ల కిందట పోయినవాళ్లకు ఆ రక్షణ లేదు. మాంచెస్టర్ మ్యూజియం అయితే తన దగ్గరున్న అస్రు అనే స్త్రీ దేహాన్ని ఇకపైనా చూపించాలా వద్దా అని సందర్శకులనే అడిగింది. ఆమె కట్లు విప్పింది 1825లో.

మమ్మీని ఎలా చేసేవారో చాలామందికి తెలిసిందే. నాట్రాన్ ఉప్పు, ముక్కులోంచి మెదడు తీయడం, డెబ్బై రోజుల పని, ఇవన్నీ పిల్లల పుస్తకాల్లోనూ ఉంటాయి. ఇప్పటి గొడవకు పనికొచ్చేది అంత కష్టం ఎందుకు పడ్డారన్నది. చనిపోయిన మనిషిలోని ‘బా’ అనే ఆత్మ పక్షిలా బయట తిరిగి మళ్లీ తన దేహం దగ్గరికే వస్తుందని వాళ్ల నమ్మకం. తిరిగొచ్చేసరికి దేహం ఉండాలి, గుర్తుపట్టేలా ఉండాలి. కాలేయం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు బయటికి తీసినా గుండెను మాత్రం లోపలే ఉంచేవారు, మంచిచెడులు తేల్చడానికి పరలోకంలో తూకానికి పెట్టేది దాన్నే కాబట్టి. కట్ల మడతల మధ్య తాయెత్తులు పెట్టేవారు. ఆ కట్లు దేహానికి కవచం. విప్పడానికి చుట్టినవి కావు.

నా లెక్కలో ఈ కథ మలుపు తిరిగింది 1881 జులైలో. లక్సర్ ఎదుట, నైలుకు పడమటి ఒడ్డున ఉన్న కుర్నా ఊళ్లో అబ్ద్ ఎల్-రసూల్ అన్నదమ్ములు దాదాపు పదేళ్లుగా ఒక రహస్య గుంటలోంచి వస్తువులు తీసి అమ్ముకుంటున్నారు. విచారణలో ఒకడు నోరు విప్పాడు. పురావస్తు శాఖ తరఫున ఎమిల్ బ్రూగ్ష్, ఈజిప్టు పండితుడు అహ్మద్ కమాల్ ఆ గుంటలోకి దిగారు. రెండో రామ్సెస్, మొదటి సేతి, మూడో తుత్మోస్ లాంటి మహారాజులు ఒకే చోట బయటపడ్డారు. సమాధుల దొంగల బెడద తట్టుకోలేక ప్రాచీన కాలపు పూజారులు వాళ్లను చాటుగా అక్కడికి చేర్చారు, ఎవరిని ఎప్పుడు మార్చారో పేటికల మీద సిరాతో రాసి మరీ. దొంగలు మళ్లీ ఎగబడతారన్న భయంతో బ్రూగ్ష్ రెండు రోజుల్లో గుంటంతా ఖాళీ చేయించి, పేటికలను స్టీమరెక్కించి కైరోకు పంపాడు.

దారిలో జరిగింది పురావస్తు శాఖ అధిపతి గాస్టన్ మాస్పెరో నమోదు చేశాడు. నైలు రెండు ఒడ్డులా ఊళ్ల ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఏడుస్తూ పడవ వెంట నడిచారు. మగవాళ్లు అంత్యక్రియల్లో చేసినట్టే తుపాకులు పేల్చారు. ఒడ్డున ఉన్నవాళ్లకు అది శవయాత్ర. పడవలో ఉన్నవాళ్లకు మ్యూజియం సరుకు. ఇవాళ్టి రెండు పక్షాలూ అప్పుడే ఏర్పడ్డాయి.

అందులో ఒక పక్షానిదే పైచేయి అయింది. 1886 జూన్ 1న అప్పటి ఈజిప్టు పాలకుడు ఖెదివ్ తౌఫీక్ సమక్షంలో మాస్పెరో రామ్సెస్ కట్లు విప్పించాడు. పావుగంట కూడా పట్టలేదు. అరవై ఏళ్లకు పైగా ఏలిన రాజు అతిథుల ముందు వట్టి దేహంగా మిగిలాడు. మరో రాజు టుటన్‌ఖామున్‌కు 1925లో అంతకంటే ఘోరం జరిగింది. పైన పోసిన తైలాలు గట్టిపడి దేహం పేటికకు అతుక్కుపోయింది. దాన్ని ఊడదీయడానికి తల వేరు చేశారు, కాళ్లూ చేతులూ కీళ్ల దగ్గర విడదీశారు. ఆ తర్వాత ముక్కలన్నీ ఇసుక పోసిన తట్టలో పేర్చారు.

ఈజిప్టు కూడా ఒక్క మాట మీద నిలబడలేదు. రాజులను ఇలా చూపించడం మర్యాద కాదని 1980లో అధ్యక్షుడు సాదత్ కైరో మ్యూజియంలోని మమ్మీల గదిని మూయించాడు. 1994లో మళ్లీ తెరిచారు. 2021 ఏప్రిల్‌లో 22 రాజ మమ్మీలను కైరో వీధుల్లో ఊరేగించి కొత్త మ్యూజియంలోకి మార్చారు. గౌరవంగానే చేశారు, నిజమే. కానీ ఆ ఊరేగింపు వెళ్లి ఆగింది మ్యూజియంలోనే.

చూపించాలనేవాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. తమ పేర్లు పలకమని సమాధుల గోడల మీద ఈజిప్షియన్లే దారినపోయేవాళ్లను వేడుకున్నారు. మ్యూజియంలో ఆ కోరిక తీరుతోందని వీళ్లంటారు. అప్పటి రోగాలు, ఆయుర్దాయం తెలిసింది కూడా ఈ దేహాల వల్లనే అంటారు. కానీ వాళ్లు పలకమన్నది పేరు, తెరవమన్నది దేహాన్ని కాదు. ఇక పరిశోధన సంగతి. ఆ 1881 గుంటలో దొరికినవాడే మొదటి అమెన్‌హోటెప్ అనే రాజు. పూలదండలతో, ముసుగుతో అందంగా ఉన్నాడని మాస్పెరో అతన్ని విప్పకుండా వదిలేశాడు. 2021లో ఆ దేహానికి తీసిన సీటీ స్కాన్ వివరాలు ప్రచురించారు. చనిపోయేనాటికి సుమారు 35 ఏళ్లు, కట్ల లోపల 30 తాయెత్తులు. ఒక్క కట్టు కదపకుండానే ఇంత తెలిసింది.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఉన్న మమ్మీ కూడా కొని తెచ్చిందే. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొన్నాడు. ఉస్మాన్ అలీ ఖాన్ చేతుల మీదుగా 1930లో మ్యూజియంకు చేరింది. కొన్నేళ్ల కిందట దానికీ స్కాన్ తీశారు. అంటే పరిశోధన కోసం తెలుసుకోవాల్సింది చాలావరకు ఇప్పటికే చేతిలో ఉంది. మాంచెస్టర్ తన సందర్శకులను అడిగిన ప్రశ్నను మన పురావస్తు శాఖ ఇక్కడివాళ్లను కూడా అడగాలి.