క్రాక్ సాఫ్ట్‌వేర్, స్పామ్, ఫ్రీ యాప్‌లు: మా ఒంగోలు షాపులో రోజూ వినిపించే అపోహలు

కిందటి వానాకాలంలో చీమకుర్తి నుంచి ఒక గ్రానైట్ వ్యాపారి మా షాపుకొచ్చారు. బెంగళూరులో ఆయన దగ్గర స్లాబులు కొనే పార్టీ ఫోన్ చేసి, మీ కంపెనీ పేరు గూగుల్‌లో కొడితే మగవాళ్ల మాత్రల ప్రకటనలు వస్తున్నాయేంటండీ అని అడిగారట. ఆయన తన ల్యాప్‌టాప్‌లో సైట్ అడ్రస్ టైప్ చేసి చూస్తే మామూలుగా గెలాక్సీ గ్రానైట్ ఫోటోలే కనబడ్డాయి. నేను గూగుల్‌లో వెతికి అక్కడి నుంచి నొక్కితే మాత్రం నేరుగా ఏదో విదేశీ మందుల దుకాణానికి పోయింది.

ఒంగోలు కర్నూలు రోడ్డులో పదిహేనేళ్లుగా కంప్యూటర్ సర్వీసు చేస్తున్నాను, చిన్న వ్యాపారాలకు సైట్లు కూడా చేసిస్తాను. ఆ ఒక్క సైట్‌లో దొంగ సాఫ్ట్‌వేర్ ఉంది, స్పామ్ ఉంది, యాడ్స్ మీద బతికే పెద్ద కంపెనీల లెక్కలూ ఉన్నాయి. మనవాళ్లు వీటన్నిటినీ కలిపి "వైరస్ అంటండీ" అని వదిలేస్తారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను, దీంట్లో డబ్బు ఎవరికి పోతోంది అని. అది తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

అపోహ: క్రాక్ (డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన దొంగ సాఫ్ట్‌వేర్) వేసుకుంటే నష్టం కంపెనీకి, మనకేం పోతుంది?

వాస్తవం: క్రాక్ చేసేవాడు మన మీద ప్రేమతో రాత్రిళ్లు మేలుకుని చేయడు. ఆ గ్రానైట్ సైట్‌నే తీసుకోండి. దాన్ని తయారు చేసిన కుర్రాడు ఐదారు వేల రూపాయలు పెట్టి కొనాల్సిన వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) థీమ్‌ని, అంటే సైట్ రూపాన్ని, ఊరకే ఇచ్చే చోటి నుంచి దించుకున్నాడు. వీటిని మా ఫీల్డ్‌లో నల్డ్ థీమ్‌లంటారు. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పాకింది ప్రధానంగా ఇలాంటి దొంగ థీమ్‌ల ద్వారానే. థీమ్ వేసిన నిమిషంలో అది సైట్‌లో దూరి, బయటివాడు ఎప్పుడంటే అప్పుడు లోపలికి రావడానికి ఒక దొడ్డిదారి పెట్టుకుంటుంది, దొంగ లింకులు, యాడ్స్ పెడుతుంది, అదే హోస్టింగ్‌లో, అంటే సైట్ ఉంచిన సర్వర్‌లో, పక్కన ఇంకో సైట్ ఉంటే దాన్నీ అంటుకుంటుంది. మన వ్యాపారి సైట్‌లో చేరిన కోడ్ ఇంకాస్త తెలివైనది. గూగుల్ నుంచి వచ్చేవాళ్లకు ఒక పేజీ, నేరుగా అడ్రస్ కొట్టి వచ్చే ఓనరుకు ఇంకో పేజీ చూపిస్తుంది. అందుకే ఆయన కంట పడలేదు, కస్టమరు కంట పడింది.

కంప్యూటర్‌లో వేసే క్రాకులదీ ఇదే వరస. "యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి" అని వాళ్లే రాసి పెడతారు, మనం వాళ్లు చెప్పినట్టే ఆపుతాం. తలుపు తీసి పట్టుకున్నట్టే గదా. స్టాప్ డీజేవూ అనే రాన్సమ్‌వేర్ ప్రధానంగా క్రాకుల వెంటే ఇళ్లకొచ్చింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి 980 డాలర్లు అడుగుతుంది, 72 గంటల్లో కడితే 490 అంటుంది. టంగుటూరు దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఒకాయన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ దించుకున్నాడు. తెల్లారేసరికి మూడు పెళ్లిళ్ల ఫోటోలకు తాళం పడింది. హార్డ్‌డిస్క్ సంకలో పెట్టుకుని పరుగున మా షాపుకొచ్చాడు. ఆయన కళ్లలో ఆ భయం నేను మర్చిపోలేను. ఒక పెళ్లి మాత్రం కెమెరా కార్డులో ఉండబట్టి దక్కింది. మిగతా రెండు కుటుంబాలకు ఆయన ఏం చెప్పుకున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంకొకటి. క్రాక్ విండోస్ వేసుకున్నవాళ్లు దొరికిపోతామన్న భయంతో అప్‌డేట్లు ఆపేస్తారు. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. దానికి మందు, అంటే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకోని కంప్యూటర్లు పడిపోయాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

అపోహ: పైరసీ అంటే పెద్ద కంపెనీలకు పడదు, కుదిరితే ఇవాళే ఆపేస్తాయి.

అన్నిసార్లూ కాదు. 1998లో బిల్ గేట్స్ వాషింగ్టన్ యూనివర్సిటీలో చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మా సాఫ్ట్‌వేరే దొంగిలించనివ్వండి, దానికి అలవాటు పడతారు, డబ్బు ఎలా రాబట్టాలో తర్వాతి పదేళ్లలో చూసుకుంటాం అనే అర్థం వచ్చేలా బాహాటంగానే చెప్పారు. నా మటుకు నాకు ఈ వ్యాపారంలో ఇంత నిజాయతీగా చెప్పిన మాట ఇంకోటి కనబడలేదు. అలవాటే అసలు సరుకు.

ఆ అలవాటు ఖరీదెంతో చూడాలంటే మన ఫ్లెక్సీ షాపులకు, డీటీపీ సెంటర్లకు వెళ్లండి. పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్త వెర్షనే రాలేదు. ఫోటోషాప్ 7 వచ్చింది 2002లో. ఇవాళ్టికీ పెళ్లి కార్డులు, కరపత్రాలు వాటి మీదే నడుస్తున్న షాపులు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. అందులో తెలుగు పాత అను ఫాంట్లతో కొట్టింది, అంటే ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు. కస్టమరు వాట్సాప్‌లో తెలుగులో మేటర్ పంపితే దాన్ని అందులో పేస్ట్ చేయలేరు. ఆపరేటర్ అమ్మాయి మొత్తం మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. పంపినదాంట్లో లేని తప్పులు కార్డు మీదికి అక్కడే వస్తాయి. కొత్త వెర్షన్‌కి పోదామంటే అడోబీ 2013 నుంచి నెలనెలా కట్టే పద్ధతికి మారిపోయింది, ఊళ్లో షాపుకి అది భారం. ఇటు పాత క్రాక్, అటు నెల అద్దె, మధ్యలో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

ఆ మధ్యలో దారి లేకపోలేదు. బొమ్మలకు ఇంక్‌స్కేప్, గింప్, పేజీలు కట్టడానికి స్క్రైబస్, ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్ ఇవన్నీ చట్టప్రకారమే ఉచితం. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మా వీధిలో ఒక షాపువాళ్లకు కూర్చుని నేర్పించాను. నెల రోజులు తిట్టుకున్నారు, ఇప్పుడు వాట్సాప్ మేటర్ నేరుగా పేస్ట్ చేసుకుంటున్నారు. అందరికీ ఇది సరిపోతుందని అనను, ప్రెస్‌కి వెళ్లే నాలుగు రంగుల పని ఎక్కువగా చేసేవాళ్లకు ఇబ్బందులు ఉన్నాయి.

అపోహ: ఈ స్పామ్ ఎవడు చూస్తాడండీ, దండగ.

వాస్తవం: 2008లో బర్కిలీ, శాండియాగో కాలిఫోర్నియా యూనివర్సిటీల పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లో (వైరస్ సోకి దొంగల చేతిలో పడ్డ కంప్యూటర్ల గుంపు) కొంత భాగంలోకి చొరబడి లెక్క కట్టారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల ఈమెయిళ్లు పోతే, మందులు కొనడానికి సిద్ధపడినవాళ్లు 28 మంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పంపడానికి ఖర్చు దాదాపు సున్నా, ఎందుకంటే పంపేది వాడి కంప్యూటర్ కాదు, వైరస్ సోకిన మనలాంటివాళ్లది. మొత్తం బాట్‌నెట్‌కి అదే లెక్క వర్తింపజేస్తే ఏడాదికి సుమారు 35 లక్షల డాలర్ల అమ్మకమని వాళ్ల అంచనా. ఆ సొమ్ము కనబడుతుండగా వాడెందుకు ఆపుతాడు?

2011లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. పరిశోధకులు స్పామ్‌లో వచ్చిన మందులు, నకిలీ వాచీలు, సాఫ్ట్‌వేర్‌ని నిజంగానే కొని, కార్డు డబ్బు ఏ బ్యాంకుకి పోతోందో వెంబడించారు. స్పామ్ సరుకులో 95 శాతానికి డబ్బు వసూలు చేసిపెడుతున్నవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని బ్యాంకులే అని తేలింది. తర్వాత ఒరిజినల్ సరుకు కంపెనీలు కార్డు నెట్‌వర్కులకు ఫిర్యాదులు చేసి ఆ ఖాతాలు మూయిస్తే, ఏ ఫిల్టరూ కొట్టలేనంత దెబ్బ తగిలింది వాళ్లకు. చీమకుర్తి సైట్‌లో మాత్రల లింకులు పెట్టినవాడు కూడా ఇలాంటి గొలుసులో అమ్మకం మీద కమిషన్ తీసుకునేవాడే అయ్యుండాలి. గ్రానైట్‌తో వాడికి పనేం లేదు.

అపోహ: డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దని నమోదు) పెట్టుకున్నాం కదా, ఇంకా కాల్స్ వస్తున్నాయంటే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏం చేయట్లేదు.

చేస్తోంది, కానీ కన్నం వేరే చోట ఉంది. 2018 నిబంధనల ప్రకారం వాణిజ్య మెసేజ్‌లు పంపే ప్రతి సంస్థా పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చేసుకోవాలి. 2025 నుంచి పంపినవారి పేరు చివర పీ ఉంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. ప్రచార కాల్స్ 140తో మొదలవ్వాలి. నమోదైనవాళ్లని డీఎన్‌డీ ఆపుతుంది. మామూలు పది అంకెల సిమ్ నుంచి చేసేవాడిని ముందే ఆపలేదు, మనం ఏడు రోజుల్లోపు 1909కి ఫిర్యాదు చేస్తేనే వాడి మీద చర్య మొదలవుతుంది.

ఆ పది అంకెల నంబర్లు అన్నీ ఎక్కడో దూరాన ఉన్నవి కావు. ప్లాట్ల వెంచర్లు వేసేవాళ్లు, కోచింగ్ సెంటర్లవాళ్లు మా దగ్గరికొచ్చి "బల్క్ వాట్సాప్ సాఫ్ట్‌వేర్ క్రాక్ ఉంటే వేయి అన్నా, నంబర్లు మా దగ్గరున్నాయి" అంటారు. ఎక్సెల్ ఫైల్ తెరిస్తే వేల నంబర్లు, ఎవరో పిల్లల తల్లిదండ్రుల పేర్లతో సహా. వాట్సాప్ అధికారికంగా పంపనిస్తుంది, కానీ ఒక్కో మార్కెటింగ్ మెసేజ్‌కి డబ్బు తీసుకుంటుంది. ఆ రూపాయీ అర్ధా మిగుల్చుకోవడానికి ఇది. నేను వేయను, వేయనని మొహం మీదే చెప్తాను, దానివల్ల కొందరు కస్టమర్లు పోయారు. పోనివ్వండి. ఆ ఫైల్‌లో మా చెల్లెలి నంబరు కూడా ఉంది.

అపోహ: సినిమా ఫ్రీగా చూపిస్తున్నాడంటే మనకి మంచే చేస్తున్నాడు.

ఆ సైట్‌కి డబ్బు ఎక్కువగా బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల నుంచి, నోటిఫికేషన్ల నుంచి వస్తుంది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని 2020లోనే నిషేధించారు, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్ర చట్టమూ వచ్చింది, అయినా ఈ సందుల్లోంచి వస్తూనే ఉన్నాయి. "అలో నొక్కితేనే సినిమా" అంటే మనం నొక్కుతాం, ఆ రోజు నుంచి "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు" అని మోత మొదలు. అది వైరస్ కాదు, మనమిచ్చిన అనుమతి. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి ఆ సైట్‌ని తీసేస్తే ఆగిపోతుంది. దానికి నేను డబ్బు తీసుకోను.

అపోహ: యాడ్ వచ్చిందంటే కంపెనీవాళ్లు చూసే వదిలి ఉంటారు.

ఈ నమ్మకం మీదే నాకు ఎక్కువ బాధ. రిటైరైన ఒక మాస్టారు వీడియోలు చూస్తుండగా షేర్ మార్కెట్ యాడ్ వచ్చింది, అందులో పెద్దమనిషి ఒకాయన మాట్లాడుతున్నట్టే ఉంది, నొక్కితే గ్రూపులో చేర్చారు. పోయింది పెన్షన్ డబ్బు. "అంత పెద్ద కంపెనీ దొంగ యాడ్ వేస్తుందా బాబూ" అని నన్నడిగారు.

2025 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా అంతర్గత పత్రాలను బయటపెట్టింది. 2024 ఆదాయంలో సుమారు 10 శాతం, అంటే దాదాపు 1,600 కోట్ల డాలర్లు, మోసపు ప్రకటనలు, నిషేధిత సరుకుల ప్రకటనల నుంచి వస్తుందని కంపెనీ లోపలే అంచనా వేసుకున్నారు. ప్రకటనదారు మోసగాడని సిస్టమ్‌కి 95 శాతం నమ్మకం కుదిరితేనే నిషేధం. అంతకంటే తక్కువ అనుమానం ఉంటే జరిమానా కింద యాడ్ రేటు పెంచుతారు. ఆ అంచనా ఉజ్జాయింపుది, మరీ ఎక్కువగా లెక్కించింది అని మెటా జవాబిచ్చింది. ఆ జవాబునీ లెక్కలోకి తీసుకున్నా, అనుమానం ఉన్నవాడి దగ్గర ఎక్కువ డబ్బు తీసుకుని యాడ్ వేయడం నాకు మింగుడు పడదు. రైతుబజారులో కల్తీ అని అనుమానం ఉన్న నూనె డబ్బాకి అద్దె పెంచి, అమ్ముకోమంటే ఊరుకుంటామా?

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చేస్తే ఖాతాలో ఆపే అవకాశం ఉంటుంది. మాస్టారు పరువు పోతుందని తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు.

చవక ఫోన్ల సంగతీ ఇంతే. ఫోన్ల లాంటి హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వమని షావోమీ 2018లో ప్రకటించింది. ఇలా అమ్మే కంపెనీలకు మిగతా రాబడి యాప్‌లు, ప్రకటనల నుంచి రావాలి కదా. ఫోన్ కొన్న రోజే సెట్టింగ్స్‌లో యాడ్ సిఫార్సులన్నీ ఆపించుకోండి.

అపోహ: డబ్బిస్తే గూగుల్ మొదటి పేజీలో గ్యారంటీ.

గ్రానైట్ వ్యాపారికి కూడా ఈ ప్యాకేజీ అమ్మారు. గూగుల్‌కి డబ్బిస్తే వచ్చేది "స్పాన్సర్డ్" అని రాసి ఉండే యాడ్ మాత్రమే. మామూలు ఫలితాల్లో స్థానం ఎవరూ అమ్మలేరు. ప్యాకేజీవాళ్లు చేసేది ఎక్కడెక్కడో సంబంధం లేని సైట్లలో మన లింకులు గుమ్మరించడం, అంటే మన డబ్బుతో మనమే స్పామ్ చేయించడం. 2012లో గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చినప్పటి నుంచి ఇలాంటి లింకులను లెక్కలోంచి తీసేస్తోంది, లేదా ఆ సైట్లను కిందికి తోస్తోంది.

ఆయన సైట్‌ని మొత్తం పడగొట్టి, కొన్న థీమ్‌తో మళ్లీ కట్టాను. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం. గూగుల్ దగ్గర మన సైట్ పేజీలు ఏవున్నాయో చూపే సెర్చ్ కన్సోల్‌లో మాత్రల పేజీలు చూస్తే నాలుగు వేలు దాటాయి. అవి గూగుల్ జాబితాలోంచి పోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఈలోగా బెంగళూరు పార్టీ వేరే చోట సరుకు తీసుకుంది.

మీకు సైట్ ఉంటే ఇప్పుడే చూసుకోండి. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైట్ అడ్రస్ ఇవ్వండి. మీవి కాని పేజీలు, మీరు అమ్మని సరుకు కనబడితే వాటిని నొక్కకుండా స్క్రీన్‌షాట్ తీసి మీ సైట్ చేసినవాళ్లకు పంపండి, థీమ్ ఎక్కడ కొన్నారో బిల్లు అడగండి.