దానిమ్మ కటింగ్స్‌కి ఎరువు మట్టి వద్దు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మట్టి ఎంత బలంగా ఉంటే వేళ్లు అంత త్వరగా వస్తాయి.

దానిమ్మ, అంజూర కటింగ్స్ ఎక్కువగా పోయేది ఈ నమ్మకం వల్లే. వేళ్లే లేని కొమ్మ ఎరువును దేనితో తీసుకుంటుంది? కొత్త వేళ్లు పుట్టేది కొమ్మలో నిల్వ ఉన్న పిండిపదార్థంతో. అప్పుడు దానికి మనం ఇవ్వాల్సింది తేమ, గాలి, అంతే. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు దట్టిస్తే నీరు నిలిచి గాలి ఆడదు, లవణాలు పెరుగుతాయి, బూజు చేరుతుంది. లాగి చూస్తే అడుగు నల్లబడి, వేలితో నొక్కగానే బెరడు జారిపోతుంది. ఇలా రెండుసార్లు పోగానే ‘నా చేతిలో మొక్క బతకదు’ అని బాధపడేవాళ్లు చాలామంది. తప్పు మీ చేతిది కాదు, మట్టిది.

గరుకు ఏటి ఇసుక ఒక పాలు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు కలపండి. ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడగాలి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండాలి. కలిపిన మిశ్రమాన్ని పిడికిట్లో గట్టిగా నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఆరబెట్టండి. అడుగున చిల్లులున్న, 15 సెం.మీ. లోతు కవర్లు చాలు. పెన్సిల్ మందం, 20 సెం.మీ. పొడవున్న ముదురు కొమ్మను కణుపు కిందుగా కోసి, ముందు పుల్లతో గుంట చేసి గుచ్చండి.

అపోహ: చిగురేసిందంటే వేళ్లు వచ్చినట్టే.

కాదు. నిల్వ ఆహారంతోనే చిగురు వస్తుంది. అది చూసి కుండీ మారిస్తే వారంలో వాడిపోతుంది. రోజూ పీకి చూడటం మరీ నష్టం, లేత వేళ్లు తెగుతాయి. నెలన్నర నుంచి రెండు నెలలు ఆగి, కవరు చిల్లుల్లో వేళ్లు కనబడ్డాకే మార్చండి. ఎరువు పని అప్పుడు మొదలవుతుంది.

అపోహ: తేనె, కలబంద రాస్తే హార్మోన్ అక్కర్లేదు.

వేళ్లు పుట్టించే హార్మోన్ ఐ.బి.ఎ. (ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం) చేసే పని అవి చేయవు. 0.2 గ్రాముల ఐ.బి.ఎ.ని 50 మి.లీ. ఆల్కహాల్‌లో కరిగించి, నీళ్లతో 100 మి.లీ. చేస్తే 2000 పి.పి.ఎం. (పది లక్షల పాళ్లలో 2000 పాళ్లు) ద్రావణం. గుచ్చే ముందు కొమ్మ అడుగు కొసను అందులో 5 నుంచి 10 సెకన్లు ముంచితే చాలు. నేరుగా నీళ్లలో వేస్తే సరిగా కరగదు.

మామిడి, జామ కటింగ్స్‌తో కుస్తీ పట్టకండి. మామిడికి అంటు కట్టాలి, జామకు గాలి అంటు (చెట్టు మీదే కొమ్మకు వేళ్లు పుట్టించడం) మేలు.

తల్లి చెట్టుకు బాక్టీరియా మచ్చ తెగులుంటే ఆ కొమ్మ కోయొద్దు. మిశ్రమం ఎంత శుభ్రమైనా తెగులు కొమ్మతోపాటే వస్తుంది.