ఓల్డ్ ట్రాఫోర్డ్ కుర్చీ, విశాఖ జోస్యాలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన మర్నాటి సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డులో ఏదో ఒక టీ బండి దగ్గర పావుగంట నిలబడితే, ఆ క్లబ్బు జట్టును నడిపించే తర్వాతి మేనేజర్ ఎవరో తెలిసిపోతుంది. చిక్కల్లా, పావుగంటలో ముగ్గురి పేర్లు తెలుస్తాయి. "రియల్ మాడ్రిడ్‌ను నడిపిన జిదాన్ ఖాళీగానే ఉన్నాడు గురూ, రేపో మాపో సంతకం పెడతాడు" అంటాడు ఒకడు. "భాష రానివాడు అక్కడి పత్రికలవాళ్లతో వేగగలడా?" అని పక్కవాడు కొట్టిపారేసి, జర్మనీ నుంచి ఒక పేరు తీస్తాడు. మూడోవాడికి పాత ఆటగాడే కావాలి, క్లబ్బు ఉప్పు తిన్నవాడు. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మురీ మిక్చర్ పొట్లం మడుస్తూ, ఆ క్లబ్బు పాత మేనేజర్‌ను తలచుకుని, అందరికీ కలిపి ఒకే మాట చెబుతారు: "ఎవరొచ్చినా ఫెర్గుసన్ కాదు కదరా నాయనా."

ఊహాగానాలు ఈ ఊరికి కొత్త కాదు. మూడు రాజధానుల మాట వచ్చిన 2019 డిసెంబరు నుంచి ఏళ్ల తరబడి, రాజధాని వస్తుందా రాదా అని మాట్లాడుకున్న ఊరిది. అంతకు ముందు తరం 1978కీ 1983కీ మధ్య నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. ఢిల్లీ నుంచి వచ్చే సీల్డ్ కవర్‌లో ఎవరి పేరు ఉందో ఊహించడం అప్పట్లో రాష్ట్రమంతటా నడిచిన కాలక్షేపం. ఇప్పుడు ఆ కవర్ మాంచెస్టర్ నుంచి వస్తోంది.

దాన్ని ఇక్కడికి తెచ్చింది ఉపగ్రహ టీవీ. 1990లలో కేబుల్ కనెక్షన్‌తో పాటు ఇంగ్లండ్ లీగ్ ఇళ్లలోకి వచ్చింది. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు. అన్నం కంచంతో టీవీ ముందు కూర్చునే వేళ. ఇందులో ఒక వింత ఉంది. మైదానాలకు జనం తగ్గిపోతారన్న భయంతో బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం ఆ సమయంలో ఆటల ప్రత్యక్ష ప్రసారాన్ని నిషేధించారు. ఆ ఆంక్ష దశాబ్దాలుగా అమల్లో ఉంది. అంటే టికెట్ దొరకని మాంచెస్టర్ వాసి తన ఇంట్లో చూడలేని ఆటను గాజువాకలో కూర్చున్నవాడు హాయిగా చూశాడు. 1999 మే నెలలో బార్సిలోనాలో, యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో, యునైటెడ్ బయర్న్ మ్యూనిక్‌పై చివరి క్షణాల్లో రెండు గోల్స్ కొట్టేసరికి ఇక్కడ రాత్రి రెండు దాటింది. ఆ రాత్రి మేలుకున్న పిల్లలకు మేనేజర్ అంటే చూయింగ్ గమ్ నములుతూ గడియారం చూసుకునే అలెక్స్ ఫెర్గుసన్ ఒక్కడే. వాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి. వాళ్ల కొలబద్ద మాత్రం అదే.

ఆ కొలబద్ద ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. మేనేజర్ ఉద్యోగం ఫుట్‌బాల్‌తో పాటు పుట్టింది కాదు. తొలి రోజుల్లో చాలా క్లబ్బుల్లో జట్టును డైరెక్టర్ల కమిటీయే ఎంచేది, మన దగ్గర ధర్మకర్తల మండలి గుడి ఉత్సవం జరిపించినట్టు. 1925లో లండన్ క్లబ్బు ఆర్సెనల్‌కు వచ్చిన హెర్బర్ట్ చాప్‌మన్ ఆ పద్ధతిని తిరగరాశాడు. జట్టు ఎంపిక, ఆట తీరు, కొనుగోళ్లు అన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. 1932లో మైదానం పక్కనున్న భూగర్భ రైల్వే స్టేషన్‌కు ఆర్సెనల్ పేరు పెట్టించింది కూడా ఆయనే. ఇంగ్లండ్ జాతీయ జట్టులో కమిటీ పెత్తనం 1960ల ఆరంభం దాకా సాగింది. ఎంపిక పూర్తిగా నాకే వదిలేయాలని పట్టుబట్టి పదవి తీసుకున్న ఆల్ఫ్ రామ్‌సే 1966లో ప్రపంచ కప్పు తెచ్చాక ఆ వాదన ముగిసిపోయింది.

మాంచెస్టర్ యునైటెడ్‌లో ఆ కుర్చీని పెద్దది చేసింది మ్యాట్ బస్బీ. 1945లో ఆయన వచ్చేనాటికి క్లబ్బు సొంత మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్ జర్మన్ బాంబులకు శిథిలమై ఉంది. కుర్రాళ్లను పెంచి జట్టు కట్టాడు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది ఆటగాళ్లు. మృత్యువు అంచు దాకా వెళ్లి వచ్చిన బస్బీ మళ్లీ జట్టు కట్టి, పదేళ్ల తర్వాత 1968లో యూరోపియన్ కప్పు (ఇప్పటి చాంపియన్స్ లీగ్) గెలిచాడు. ఇలాంటి మనిషి లేచిన కుర్చీలో ఎవరు కూర్చోగలరు?

ఎవరూ కూర్చోలేకపోయారు. టీ బండి దగ్గరి కుర్రాళ్లకు అంతగా తెలియని అధ్యాయం ఇది. నా లెక్కలో అసలు కథ ఇక్కడే ఉంది. 1969లో బస్బీ తప్పుకుని 31 ఏళ్ల విల్ఫ్ మెగిన్నెస్‌కు జట్టు అప్పగించాడు, తాను మాత్రం జనరల్ మేనేజర్‌గా అదే భవనంలో ఉండిపోయాడు. కోడలికి తాళంచెవులు ఇచ్చి అత్తగారు వంటింట్లోనే పీట వేసుకున్నట్టయింది. 1970 డిసెంబరులో మెగిన్నెస్‌ను తప్పించారు. తర్వాత వచ్చిన ఫ్రాంక్ ఓఫారెల్‌కు ఏడాదిన్నర. టామీ డోహర్టీ కాలంలో 1974లో జట్టు రెండో డివిజన్‌కు జారిపోయింది, మరుసటి ఏడాదే పైకి వచ్చింది. డేవ్ సెక్స్‌టన్ తన ఆఖరి ఏడు లీగ్ మ్యాచ్‌లూ వరసగా గెలిచి కూడా 1981లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రాన్ అట్కిన్సన్ ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీలో రెండు ఎఫ్ఏ కప్పులు తెచ్చాడు, అవి సరిపోలేదు. కావలసిన లీగ్ టైటిల్ రాలేదు.

1986 నవంబరులో ఫెర్గుసన్ వచ్చాడు. తొలి మ్యాచ్ ఆక్స్‌ఫర్డ్ చేతిలో 2-0 ఓటమి. ఆ సీజన్ 11వ స్థానం, తర్వాత ఒకసారి రెండు, మళ్లీ 11, ఆపైన 13. 1989 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీ 5-1తో చితక్కొట్టింది. డిసెంబరులో సొంత అభిమానులే, మూడేళ్లుగా సాకులు వింటున్నాం, ఇక దయచేయమని రాసిన బ్యానర్ ఎత్తారు. 1990 జనవరిలో నాటింగ్‌హామ్‌లో మార్క్ రాబిన్స్ కొట్టిన ఒక్క గోల్‌తో ఎఫ్ఏ కప్పు మూడో రౌండు దాటారు. ఆ గోలే ఫెర్గుసన్ ఉద్యోగం నిలబెట్టిందని అభిమానులు కథగా చెప్పుకుంటారు. ఆ ఏడాది కప్పు వచ్చింది. లీగ్ టైటిల్‌కు 1993 దాకా ఆగాల్సి వచ్చింది, అది కూడా 26 ఏళ్ల ఎడబాటు తర్వాత. మొత్తం 13 లీగ్ టైటిళ్లు, రెండు చాంపియన్స్ లీగ్‌లు.

టీ బండి దగ్గర ఈ 13 అంకె అందరికీ తెలుసు, లీగ్ పట్టికలో వచ్చిన ఆ 13వ స్థానం ఎవరికీ గుర్తులేదు. నాలుగో సీజన్‌లో 13వ స్థానంలో ముగించిన మేనేజర్‌ను ఈ రోజు విశాఖ అభిమానే ఫిబ్రవరి దాకా కూడా ఉండనివ్వడు.

ఊహాగానాల తొలి సీజన్ కూడా ఫెర్గుసన్ పుణ్యమే. 2002లో రిటైరవుతానని ఆయన ముందే ప్రకటించడంతో ఆ సీజన్ సగం, తర్వాత ఎవరన్న మాటతోనే గడిచిపోయింది. ఆటగాళ్లు కూడా సడలిపోయారు. చివరకు భార్య, కొడుకులు వద్దంటే ఫిబ్రవరిలో మనసు మార్చుకుని మరో పదకొండేళ్లు ఉన్నాడు. అసలు వీడ్కోలు 2013 మే 8న ప్రకటించాడు. మర్నాడే డేవిడ్ మోయెస్ పేరు వచ్చింది, ఆరేళ్ల ఒప్పందం. ఊహించడానికి జనానికి ఒక్క రోజు కూడా దొరకలేదు, ఎందుకంటే వారసుడిని ఎంచింది ఫెర్గుసనే. కొత్త మేనేజర్ వెంట నిలబడటమే ఇక మీ పని అని మైదానం మధ్య నుంచి అభిమానులకు చెప్పి మరీ వెళ్లాడు. పది నెలలకు ఓల్డ్ ట్రాఫోర్డ్ మీద ఒక చిన్న విమానం, తప్పుడు మనిషిని ఎంచారు, మోయెస్ వెళ్లిపో అన్న బ్యానర్ లాగుతూ ఎగిరింది. ఆ రోజు యునైటెడ్ 4-1తో గెలిచింది! అయినా ఏప్రిల్‌లో మోయెస్‌ను పంపేశారు.

అక్కడి నుంచి టీ బండి సిద్ధాంతాలన్నీ ఒకటొకటిగా పరీక్షకు నిలిచాయి. పెద్ద పేరు కావాలన్నవాళ్లకు లూయీ వాన్ గాల్ దొరికాడు. 2016లో ఎఫ్ఏ కప్పు గెలిచిన రెండు రోజులకు తప్పించారు. ఇంకా పెద్ద పేరు జోసె మౌరిన్యో. 2017లో రెండు కప్పులు, మరుసటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం, 2018 డిసెంబరులో ఇంటికి. పాత ఆటగాడు కావాలన్నవాళ్లకు ఓలె గున్నార్ సోల్షేర్, 1999 రాత్రి ఆఖరి గోల్ కొట్టినవాడే. తాత్కాలికంగా వచ్చి గెలుపుల మీద గెలుపులు తెచ్చాడు, పారిస్‌లో సంచలనం చేశాడు, పదవి శాశ్వతమైంది, 2021 నవంబరులో అదీ ముగిసింది. ఎరిక్ టెన్ హాగ్ కథ మరీ విడ్డూరం. 2024 మేలో సిటీని ఓడించి కప్పు తెచ్చాడు. యాజమాన్యం వేరేవాళ్లతో మాట్లాడి చూసి, చివరకు ఆయన ఒప్పందాన్నే పొడిగించి, అక్టోబరులో తీసేసింది.

ఇన్నేళ్లలో బయట ఎక్కువమంది గమనించని మార్పు ఒకటి జరిగింది. కుర్చీయే చిన్నదైంది. 2024 నవంబరులో వచ్చిన రూబెన్ అమోరిమ్ పదవి పేరు మేనేజర్ కూడా కాదు, హెడ్ కోచ్. ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో పైన ఉన్న స్పోర్టింగ్ డైరెక్టరూ సిబ్బందీ చూస్తారు, కోచ్ శిక్షణ ఇచ్చి ఆడిస్తాడు. ఇది యూరప్ క్లబ్బుల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. చాప్‌మన్ కమిటీ చేతుల్లోంచి లాక్కున్న అధికారంలో సగం వందేళ్లకు మళ్లీ కమిటీకి చేరిందన్నమాట. పైగా ఆ ఏడాది జులైలో స్పోర్టింగ్ డైరెక్టర్‌గా వచ్చిన డాన్ ఆష్‌వర్త్ డిసెంబరులోనే వెళ్లిపోయాడు. తర్వాతి కోచ్ ఎవరని జోస్యం చెప్పేవాళ్లు తర్వాతి డైరెక్టర్ ఎవరని ఎప్పుడైనా అడిగారా? నేనైతే వినలేదు. డైరెక్టర్లకు మైదానం అంచు దగ్గర నిలబడి చూయింగ్ గమ్ నమలడం ఉండదు కదా.

2024-25 సీజన్‌ను యునైటెడ్ 15వ స్థానంలో ముగించింది. మే 21న బిల్బావోలో, యూరప్ రెండో శ్రేణి పోటీ అయిన యూరోపా లీగ్ ఫైనల్‌ను టాటెన్‌హామ్‌కు 1-0తో వదులుకుంది. ఆ రాత్రి నిద్ర మానుకున్నవాళ్లు మర్నాడు బీచ్ రోడ్డులో జిదాన్‌ను మళ్లీ బయటికి తీశారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి జోస్యాల మీద పందేలు కట్టించుకునే దుకాణాలు చట్టబద్ధంగా ఉన్నాయి. ఒక పేరు మీద డబ్బు కాస్త ఎక్కువగా పడితే దాని పందెం ధర మారుతుంది, ధర మారిందన్నది వార్త అవుతుంది, ఆ వార్త చూసి మరికొంత డబ్బు పడుతుంది. ఆ గుండ్రంలో పుట్టిన పేరే నాలుగున్నరో అయిదున్నరో గంటల తేడాతో ఇక్కడికి లోపలి సమాచారంగా చేరుతుంది. మన దగ్గర పందెం మహా అయితే ఒక బిరియానీ.

ఊళ్లో సొంత క్లబ్బు ఉంటే ఈ తెలివంతా దాని మీద పెట్టేవారేమో. విశాఖకే కాదు, ఆంధ్రప్రదేశ్‌కే దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో జట్టు లేదు. తెలుగువాళ్లకు దగ్గరగా ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో కప్పు గెలిచి, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇదే హైదరాబాద్‌లో బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించాడు. క్యాన్సర్‌తోనే 1962 క్రీడలకు జకార్తా వెళ్లి స్వర్ణంతో తిరిగి వచ్చి, 1963లో కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. బస్బీ, ఫెర్గుసన్‌ల పక్కన నిలపదగిన మనిషి మన గడ్డ మీదే ఉన్నాడన్నది ఆ టీ బండి దగ్గర పెద్దాయనకు తెలుసు. కుర్రాళ్లకు ఆయన చెబితే తెలిసింది.

2025 జులైలో భారత జట్టు కోచ్ పదవి ఖాళీ అయితే బీచ్ రోడ్డులో ఆ ఊసే లేదు. నెలాఖరులో ఒక్కసారిగా గుప్పుమంది. బార్సిలోనా మాజీ కోచ్ చావీ దరఖాస్తు చేశాడట! ఆ సాయంత్రం జిదాన్‌ను పక్కన పెట్టి చావీ జీతం మన ఫుట్‌బాల్ సమాఖ్య భరించగలదా అన్న లెక్కలు నడిచాయి. రెండు రోజులు తిరగకముందే, చావీ పేరుతో, మరో ప్రసిద్ధ కోచ్ గార్డియోలా పేరుతో వచ్చిన మెయిళ్లు నిజమైనవి కావని సమాఖ్య ప్రకటించింది. ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను నియమించారు. పూర్తి స్థాయి కోచ్‌గా ఒక భారతీయుడు రావడం పదమూడేళ్ల తర్వాత అదే మొదలు. ఆ సంగతి మీద టీ బండి దగ్గర రెండు మాటలైనా నడిచాయో లేదో. ఆగస్టు 17న ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో ఆర్సెనల్‌తో సీజన్ తొలి మ్యాచ్, అది ఓడితే అమోరిమ్ ఉంటాడా అన్న పంచాయితీ అప్పటికే మొదలైంది. యునైటెడ్ 1-0తో ఓడింది.