గడియారాలున్న యంత్రం ఆ స్థితికి చేరుతుందా?

రైలు దాటుతోంది, లెవెల్ క్రాసింగ్ గేటు ఇంకా పడలేదు. గేటు నడిపే యంత్రం ఎప్పటికైనా ఈ స్థితికి చేరుతుందా? స్థితులు పరిమితంగా ఉంటే అన్నీ వెతికి తేల్చేయవచ్చు. గడియారాలు తోడైతే 0కీ 1కీ మధ్యే అనంతమైన విలువలుంటాయి. అయినా తప్పక ఆగి జవాబు చెప్పే పద్ధతి ఉందని కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాజీవ్ అలూర్, డేవిడ్ డిల్ 1990లో చూపించారు.

వాళ్ల టైమ్డ్ ఆటోమేటాలో, అంటే గడియారాలు జోడించిన పరిమిత స్థితుల యంత్రాల్లో, గడియారాలన్నిటిదీ ఒకటే వేగం. వాటిని సున్నా చేయవచ్చు, పూర్ణాంకాలతో పోల్చవచ్చు, అంతే. x, y అనే రెండు గడియారాల్లో x = 0.3, y = 0.6 అనుకోండి. x = 0.1, y = 0.9 అయినా జరగబోయేది అదే: ముందు y ఒకటిని తాకుతుంది. x = 0.6, y = 0.3 అయితే ముందు తాకేది x. కాబట్టి పూర్ణభాగాలు, భిన్నభాగాల వరుస, ఏ భిన్నభాగం సున్నా అన్నవి తెలిస్తే చాలు. xను 2కి మించి, yని 1కి మించి పోల్చని యంత్రంలో ఆ పైవిలువలన్నీ ఒకటే. x, y విలువల తలం మొత్తం 6 బిందువులు, 14 రేఖలు, 8 ప్రాంతాలు, అంటే 28 ముక్కలవుతుంది.

అయితే 4 గడియారాలు, గరిష్ఠ స్థిరాంకం (గడియారాన్ని పోల్చే అతిపెద్ద సంఖ్య) 10 ఉంటే ముక్కల సంఖ్యకు పైహద్దు 4!·2⁴·22⁴, దాదాపు 9 కోట్లు. అందుకే ఇలాంటి యంత్రాల్ని తనిఖీ చేసే ఉప్పాల్ (UPPAAL) లాంటి సాఫ్ట్‌వేర్ పనిముట్లు ముక్కల్ని కలిపి జోన్లుగా, గడియారాల తేడాల మాత్రికగా దాస్తాయి. ఇక్కడో ప్రమాదముంది. ప్రతి సెకనుకూ yని సున్నా చేస్తూ xను వదిలేస్తే x − y తేడా 1, 2, 3 అంటూ పెరిగి వెతుకులాట ఆగదు. గరిష్ఠ స్థిరాంకం దాటిన హద్దుల్ని చెరిపేస్తే ఆగుతుంది. కానీ విడి గడియారాల్నే కాక వాటి తేడాల్నీ పోల్చనిచ్చి, షరతుల్లోనే x − y < 3 లాంటివి ఉంటే ఆ చెరపడం చేరలేని స్థితిని చేరగలదని చెప్పగలదు. ఏళ్లపాటు వాడిన ఈ పద్ధతిలోని దోషాన్ని 2003లో పరిశోధకురాలు పాట్రీషియా బూయే బయటపెట్టారు.

అసలు హద్దు మాత్రం వేగం దగ్గరుంది. ఒక్క గడియారాన్ని మధ్యలో ఆపి మళ్లీ నడపనిస్తే చాలు, కౌంటర్ విలువ nను 1/2ⁿ సమయంగా దాచి, రెట్టింపు చేసి, సగం చేసి, మిన్‌స్కీ రెండు కౌంటర్ల యంత్రాన్నే (రెండు లెక్కల్ని ఒకటి పెంచడం, తగ్గించడం, సున్నానా అని చూడడంతోనే ఏ కంప్యూటర్ పనైనా చేయగల నమూనాను) నడపవచ్చు. అది ఆగుతుందో లేదో తేల్చే పద్ధతి లేదు కనుక ఇక్కడా ఉండదు. ఆగే గడియారం తప్పనిసరైన చోట ఉప్పాల్ అసలుకంటే విశాలమైన అంచనాతో వెతుకుతుంది. అప్పుడు "చేరదు" అన్న జవాబును నమ్మవచ్చు. "చేరవచ్చు" అంటే అది చూపిన దారిని విడిగా పరీక్షించాలి.